ముందు వరస పిల్లల కోసం

నా ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి ఎంత చెప్పినా అర్థం కాలేదు. ఆవిడ మొదటిసారి కెనడా వచ్చినప్పుడు, "అల్లుడుగారు యూనివర్సిటీలో ఏం పాఠం చెబుతారే?" అని మా ఆవిడ సుజాతను అడిగారు. "పాఠం కాదమ్మా, ఊరూరా తిరిగి లావుపాటి కుర్రాళ్ళను వెతికి తెస్తారు" అంది సుజాత. ఆవిడ కాసేపు ఆలోచించి, "పోన్లే, జీతం ఇస్తున్నారుగా" అని ఊరుకున్నారు.

సుజాత చెప్పినదానికన్నా బాగా నేనూ చెప్పలేను. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరుగెత్తే ఆట. విసిరే కుర్రాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అవతలి జట్టువాళ్ళు మీద పడి వాణ్ణి కూలదోయకుండా అయిదుగురు వాడి ముందు వరసగా నిలబడి అడ్డుకుంటారు. ఆ అయిదుగురినీ కలిపి అఫెన్సివ్ లైన్ అంటారు. హైస్కూళ్ళ చుట్టూ తిరిగి ఆ వరసకు పనికొచ్చే పిల్లల్ని పట్టుకోవడం, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడి మా యూనివర్సిటీకి రప్పించడం, వచ్చాక ఆట నేర్పడం నా పని. బతుకంతా అదే చేశాను. రిటైరయ్యాక ఇంట్లో ఏమీ తోచడం లేదు.

హామిల్టన్‌లో మా వీధిలోనే ఉండే తెలుగు అమ్మాయి ఒకతి కినీసియాలజీ, అంటే ఒంటి కదలికల శాస్త్రం, చదివి, ఈ మధ్యే ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీములో రిక్రూటింగ్ అసిస్టెంట్‌గా చేరింది. "అంకుల్, ఎనీ టిప్స్?" అంది. టీ చల్లారేలోపు చెప్పే సంగతులు కావు, రాసి ఇస్తానన్నాను. అమ్మాయికి తెలుగు చదవడం రాదు. వాళ్ళ నాన్న చదివి వినిపిస్తానన్నాడు. కాబట్టి ఇందులో తండ్రుల గురించి ఉన్నది ఆయన దాటవేయకూడదని ముందే మనవి.

కూర్చోవడం వచ్చా?

నేను పుట్టింది విజయనగరం దగ్గర. మా వైపు కుర్రాళ్ళకు వెయిట్‌లిఫ్టింగ్ పిచ్చి. నేనూ చేశాను, యూనివర్సిటీ దాకా వెళ్ళాను, అంతకు మించి ఒంట్లో సత్తా లేదు. సుజాత డాక్టరు. ఆవిడకు హామిల్టన్‌లో ఉద్యోగం వస్తే వెంట వచ్చి, కారులో వెళ్ళి వచ్చే దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీ జిమ్‌లో బరువులు సర్దే పనికి కుదిరాను. అక్కడి ఫుట్‌బాల్ హెడ్ కోచ్ డగ్ అని పొడుగాటి, ముక్తసరి మనిషి. కొన్నాళ్ళు నన్ను గమనించి, "నీకంటే మూడింతలున్న వాళ్ళను తిట్టగలవా?" అని అడిగాడు. గలనన్నాను. లైన్ పిల్లల్ని నాకు అప్పగించాడు. ఆ పని మిగతా కోచ్‌లు ఎవరూ కోరలేదు, అదీ అసలు సంగతి.

కొత్త కుర్రాణ్ణి చూడగానే నేను పెట్టే మొదటి పరీక్ష ఒకటే. గొంతుక్కూర్చోమంటాను. మడమలు నేలకు ఆనాలి, వీపు నిటారుగా ఉండాలి, అలా కూర్చుని నాతో కాసేపు కబుర్లు చెప్పాలి. మన ఊళ్ళలో బస్సు కోసం ఎదురుచూసే ముసలాయన చేసే పనే. ఇక్కడి కుర్రాళ్ళు చాలామంది వెనక్కి వెల్లకిలా పడతారు. ఈ ఆటలో వరసలో నిలబడ్డవాడు ఎదుటివాడికంటే కిందికి ఉండాలి. మోకాళ్ళు వంగనివాడు నడుము వంచుతాడు, నడుము వంచినవాణ్ణి ఎవరైనా తోసేస్తారు. డగ్ మొదట్లో నవ్వాడు. తర్వాత తనే "వాణ్ణి మూర్తిలా కూర్చోమన్నావా?" అని అడగడం మొదలుపెట్టాడు. టీములో దానికి నా పేరే స్థిరపడిపోయింది.

పిల్లలు పంపే వీడియోలను నమ్మకు. మొదట్లో ఉత్తరాన ఒక గనుల ఊరి కుర్రాడి వీడియో చూసి నాకు మతి పోయింది. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ఎత్తి కుదేస్తున్నాడు. మంచులో వెళ్ళి వాణ్ణి ఒప్పించి తెచ్చాను. తెచ్చాక తెలిసింది, అక్కడ వాడికి ఎదురు నిలిచినవాళ్ళందరూ వాడిలో సగం ఉండేవాళ్ళని. మా ప్రాక్టీసులో మొదటి వారమే చతికిలబడ్డాడు. డగ్ నన్ను తిట్టలేదు. "వాడు ఓడిపోయిన మ్యాచ్ ఏదైనా చూశావా?" అని మాత్రం అడిగాడు. అప్పటినుంచి ఎవరు ఏ వీడియో పంపినా, చిత్తుగా ఓడిన మ్యాచ్ మొత్తం పంపమనేవాణ్ణి. అవతలివాడు గెలుస్తున్నప్పుడు ఏం చేస్తాడన్నదే నాకు కావలసింది.

గుమ్మం దగ్గర షూస్

ఈ పనిలో నాకు ఇప్పటికీ మరపురానిది ఇళ్ళకు వెళ్ళడం. జనవరిలో అయిదింటికే చీకటిపడుతుంది. హైవే దిగి, తెలియని ఊళ్ళో, తెలియని వీధిలో కారాపి తలుపు తట్టేవాణ్ణి. తలుపు తీయగానే నా చూపు కిందికే. గుమ్మంలో మంచు కరుగుతున్న షూస్‌లో పడవల్లాంటి జత ఒకటి ఉంటే సరైన ఇంటికి వచ్చినట్టే. లోపల తల్లి వంట చేస్తూ ఉండేది. పోలిష్ వాళ్ళు, జమైకా వాళ్ళు, పంజాబీలు, పొలాలు చేసుకునేవాళ్ళు, ఎవరైనా సరే, ఆ కుర్రాడి కడుపు నింపడమే ఆ ఇంట్లో పెద్ద పని. నన్నూ కూర్చోబెట్టి పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఎవరింట్లో వ్రతానికి వెళ్ళినా నేను గుమ్మంలో చెప్పులే చూస్తుంటాను. సుజాత మోచేత్తో పొడుస్తుంది.

తల్లులకు అబద్ధం చెప్పకు. ప్రతి తల్లీ ఒకటే అడుగుతుంది, దెబ్బలు తగలవా అని. తగులుతాయని చెప్పు. మోకాళ్ళకు తగులుతాయి, తలకూ తగలవచ్చు, తగిలినప్పుడు ఏం చేస్తామో చెప్పు. తగలవని చెప్పిన రిక్రూటర్లను నేను చూశాను. అలాంటివాళ్ళు ఒకే స్కూలుకు రెండోసారి వెళ్ళలేరు.

ఇంకొకటి డగ్ నేర్పింది. ముందు కుర్రాడితో విడిగా మాట్లాడాలి. కారులోనో, స్కూలు మెట్ల మీదో, ఎక్కడైనా సరే. వాడికి ఏం కావాలో వాడి నోటితో విన్నాకే ఇంట్లో అడుగు పెట్టాలి. "ఆడేది వాళ్ళ నాన్న కాదు" అనేవాడు డగ్. అన్నేళ్ళూ ఈ నియమం తప్పలేదు, ఒక్క ఇంటి విషయంలో తప్ప.

అభిమానుల సంగతి

యూనివర్సిటీ ఆటకు అభిమానులేమిటని మనవాళ్ళు అనుకుంటారు. ఉన్నారు. పెద్ద స్టేడియం నిండేంత మంది కాకపోయినా, ఉన్నవాళ్ళు ప్రాణం పెట్టే రకం. వాళ్ళకు ఇంటర్నెట్‌లో ఒక ఫోరం ఉంది. క్వార్టర్‌బ్యాక్ ఒకడు చేరుతున్నాడంటే అందులో పేజీలకు పేజీలు రాస్తారు. లైన్ కుర్రాడు చేరుతున్నాడంటే "మంచిదే" అని ఒకరు, "ఇంకా బరువు పెరగాలి" అని మరొకరు రాసి కబుర్లు మార్చేస్తారు. లైన్ కుర్రాడి పేరు మైదానంలో వినిపించేది పెనాల్టీ పడినప్పుడే. నాలుగేళ్ళు బాగా ఆడితే ఎవరికీ గుర్తుండడు, ఒక్కసారి ఎదుటివాడి జెర్సీ పట్టుకుని లాగితే ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది.

మా పక్కింటి గ్లెన్ ఆ ఫోరంలో పెద్దమనిషి. స్టీల్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. మా టీము ఆడే ప్రతి మ్యాచ్‌కూ నాకంటే ముందు వెళ్ళి కూర్చునేవాడు. కంచె అవతలినుంచి, "ముందు వరసకు ఈసారి ఎవరిని తెచ్చావు?" అని అడిగేవాడు. అంత మందిలో ఆ ప్రశ్న అడిగేది ఆయన ఒక్కడే కాబట్టి ఆయన నోరు కాస్త దురుసైనా నేను భరించేవాణ్ణి. అభిమానులను వెక్కిరించకమ్మా, వాళ్ళే లేకపోతే మనం ఖాళీ బెంచీల ముందు తన్నుకోవాలి. కానీ వాళ్ళు రాసింది చదివి పిల్లల్ని ఎంచుకోకు, పిల్లల్ని చదవనివ్వకు.

సాంబారు గుండిగ

రిటైరయ్యే ముందు నాకు ఒక్క కోరిక మిగిలిపోయింది. అన్ని దేశాల పిల్లలకూ ఆట నేర్పాను, ఒక్క తెలుగు పిల్లాడూ నా వరసలోకి రాలేదు. జెర్సీ వెనక ఒక్కసారి మన ఇంటిపేరు చూడాలని ఉండేది. ఎవరితోనూ అనలేదు, నవ్వుతారని.

టొరంటో శివారు స్కార్‌బరోలో తెలుగువాళ్ళ ఉగాది జరుగుతోంది. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకున్నారు. నేను బొబ్బట్టు తింటూ నిలబడ్డాను. వంటగది తలుపులోంచి ఒక పెద్ద సాంబారు గుండిగను ఇద్దరు పట్టుకుని తెస్తున్నారు. ముందున్నవాడు వెనక్కి నడుస్తున్నాడు. ఆరడుగుల అయిదంగుళాలుంటాడు, తలుపు నిండా వాడే. మోకాళ్ళు వంచి, పాదాలు ఎడంగా పెట్టి, చిన్న చిన్న అడుగులతో, వెనక్కి తిరిగి చూడకుండా, పిల్లలు పరుగెడుతున్న హాలు మధ్యలోంచి వస్తున్నాడు. రెండో చివర పట్టుకున్న పెద్దమనిషి రొప్పుతూ తూలుతున్నాడు. సాంబారు మాత్రం తొణకలేదు. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడేటప్పుడు వరస చివర నిలబడ్డ కుర్రాడు వెనక్కి జరగవలసిన తీరు సరిగ్గా అదే. అది నేర్పడానికి నాకు ఒక్కొక్కడితో రెండేళ్ళు పట్టేది. నా బొబ్బట్టు ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

కుర్రాడి పేరు నిఖిల్. ఇంటిపేరు తాటికొండ. ఆ పేరు పూర్తిగా పట్టే వీపు. స్కార్‌బరోలోనే ఒక హైస్కూల్లో చదువుతున్నాడు, స్కూలు టీములో ఆడుతున్నాడు. ఇంట్లోవాళ్ళు ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. గుండిగ దించుతుంటే ఒకావిడ నవ్వుతూ, "ఏం పెడుతున్నావు లలితా వీడికి? మా వాడికీ చెప్పు" అంది. పక్కనే ఉన్న వాళ్ళమ్మ లలిత నవ్వలేదు. కొడుకు ప్లేటులోంచి ఒక బొబ్బట్టు తీసి తన ప్లేటులో వేసుకుంది.

మరుసటి వారమే వాళ్ళింటికి వెళ్ళాను. నిఖిల్‌తో విడిగా మాట్లాడకుండానే వెళ్ళాను. మనవాళ్ళే కదా, ముందు పెద్దవాళ్ళను కలవకపోతే ఏం మర్యాద అనుకున్నాను.

నాన్న రమేష్‌ది కరీంనగర్, హైదరాబాదులో కొన్నాళ్ళు చేసి ఇక్కడికి వచ్చిన ఐటీ మనిషి. లలితది తెనాలి, హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. నాకు అన్నం, గోంగూర పప్పు, చేపల పులుసు వడ్డించింది. కొడుక్కి మాత్రం కొర్రన్నం, అదీ చిన్న గిన్నెతో.

"డైటీషియన్ చెప్పారండీ" అంది నేను చూడటం చూసి. "ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా వీడి ఒంటి గురించే మాటలు అన్నయ్యగారూ. గ్రూప్ ఫోటో తీస్తే వీణ్ణి పక్కకు జరగమంటారు."

"మా దగ్గర ఫోటో తీస్తే వీళ్ళను మధ్యలో నిలబెడతాం అమ్మా. మీవాణ్ణి తగ్గించకండి. ఇలాంటివాడి కోసం నేను ఇంతకాలం తిరిగాను."

ఆవిడ దెబ్బల గురించి అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. లేచి వెళ్ళి, తెల్లన్నం గిన్నె తెచ్చి కొడుకు కంచంలో వడ్డించింది. "వీణ్ణి చూసి సంతోషపడ్డ మనిషి మీరొక్కరే" అంది.

రమేష్‌కు చదువు దిగులు. మార్కులు బాగానే ఉన్నాయి, ఇంజనీరింగ్‌లో చేరవచ్చని చెప్పాను. "అయితే ఇంక మాటేముంది అన్నా. మావోడు మీ దగ్గరికే వస్తడు. నేను మాటిస్తున్న" అన్నాడు. నిఖిల్ తల వంచుకుని తింటున్నాడు. "ఏం నాన్నా?" అన్నాను. "ఓకే అంకుల్" అన్నాడు.

ఆ రోజు ఇంటికి వస్తుంటే నాకు కారు నడుపుతున్నట్టే లేదు.

మాట ఇచ్చింది ఎవరు

ఆ వేసవి, ఆ తర్వాతి చలికాలమంతా ఆ ఇంటికి వెళుతూనే ఉన్నాను. రమేష్‌తో కూర్చుని ఆట నియమాలు బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. లలిత పచ్చడి సీసా ఇచ్చి పంపేది. నిఖిల్ హలో చెప్పి పైకి వెళ్ళిపోయేవాడు. సిగ్గు అనుకున్నాను.

మాకు వరస ఎడమ చివర ఆడే కుర్రాడు ఆ ఏడాదితో చదువు ముగించి వెళ్ళిపోతున్నాడు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి కుడివైపు తిరిగినప్పుడు వాడి వీపును కాపాడే స్థానం అది. నిఖిల్ దానికి పుట్టినవాడు. "దొరికాడు" అని డగ్‌కు చెప్పాను.

"కుర్రాడు ఏమన్నాడు?"

"వాళ్ళ నాన్న మాటిచ్చాడు."

డగ్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "నేను అడిగింది వాళ్ళ నాన్న గురించి కాదు."

"మావాళ్ళ సంగతి నీకు తెలియదులే" అన్నాను. కాస్త కోపంగానే అన్నాను.

రమేష్ ఆనందం పట్టలేక తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. అక్కడినుంచి అది ఫోరంలోకి పాకింది. మొదటిసారి ఒక లైన్ కుర్రాడి గురించి అక్కడ రెండు రోజులు మాట్లాడుకున్నారు. ఎవరో వాడి స్కూలు మ్యాచ్ వీడియో కూడా వెతికి పెట్టారు. గ్లెన్ కంచె దగ్గరకు వచ్చి, ఆ ఇంటిపేరు ఎలా పలకాలో నాతో చెప్పించుకుని రెండుసార్లు అభ్యాసం చేశాడు.

వసంతం వచ్చింది. ఒక గురువారం నిఖిల్ తన ఫోటో ఒకటి పెట్టాడు. నెత్తిన, దేశం తూర్పు కొసన ఉన్న హాలిఫాక్స్‌లోని ఒక యూనివర్సిటీ టీము టోపీ, వెనక ఓడరేవు బొమ్మ. కింద ఒక్క వాక్యం, అక్కడ ఆడబోతున్నానని.

నాకు తెలిసిన కాసేపటికే రమేష్ ఫోన్ చేశాడు. వాళ్ళకూ ఫోటో చూశాకే తెలిసింది. "అన్నా, మీకు ముఖం ఎట్ల చూపియ్యాలె నేను? ఇంకా సంతకాలు కాలేదంట. నేను గట్టిగ చెప్తే వింటడు. మీరు ఒక్క మాట అనండి, రేపే మార్పిస్త."

అనాలనిపించింది. నిజం చెబుతున్నాను, నోటి చివరిదాకా వచ్చింది. నాకు మిగిలింది ఒక్క సీజన్. మళ్ళీ అలాంటి పిల్లాడు, అదీ మన పిల్లాడు, దొరకడు. తండ్రి గట్టిగా చెబితే వచ్చేవాడే, మన పిల్లలు వస్తారు. కానీ వాడి నోటినుంచి ఒక్క మాట కూడా నేను వినలేదని అప్పుడు గుర్తొచ్చింది. రేపు మాట్లాడతానని చెప్పి పెట్టేశాను.

మర్నాడు స్కూలు వదిలే వేళకు వెళ్ళి, బస్‌స్టాపులో నిలబడ్డ నిఖిల్‌ను కారెక్కించుకున్నాను. సీటు చివరిదాకా వెనక్కి జరిపినా వాడి మోకాళ్ళు డాష్‌బోర్డుకు తగులుతున్నాయి. ఎక్కడికీ వెళ్ళకుండా పక్క వీధిలో ఆపాను.

"కోపంగా లేను నాన్నా. ఎందుకో చెప్పు చాలు."

వాడు కిటికీలోంచి చూస్తూ, "యూ ఆస్క్‌డ్ డాడ్, అంకుల్. దే ఆస్క్‌డ్ మీ" అన్నాడు.

మిగతాదీ వాడే చెప్పాడు. వచ్చీరాని తెలుగు కొంత, ఇంగ్లీషు కొంత. హాలిఫాక్స్ కోచ్ మొదటి ఫోన్‌లోనే నీకేం చదవాలని ఉందని అడిగాడట. ఓడల ఇంజనీరింగ్ అని చెప్పాడట. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

"ఇంకా... ఇక్కడైతే ప్రతి గేమ్‌కీ అంకుల్స్, ఆంటీస్ అందరూ వస్తారు. అమ్మ పక్కన కూర్చుంటారు. సమ్‌థింగ్ చెప్తారు. ఐ జస్ట్ వాంట్ టు బీ బిగ్ సమ్‌వేర్ నోబడీ నోస్ మై మామ్."

తన ఒంటి గురించి తల్లికి ఎవరూ ఏమీ అనలేని చోటుకు పోవాలని వాడి కోరిక. నేను వాణ్ణి చూసి మురిసిపోయానే కానీ, వాడికి ఏం కావాలో ఆలోచించనే లేదు.

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను నిఖిల్. మా టీములోకి వస్తావా?"

వాడు తొందరపడలేదు. మర్యాదగా ఆలోచించాడు. "నో అంకుల్. సారీ" అన్నాడు.

ఆ సాయంత్రం రమేష్‌తో, వాడు సరైన చోటికే వెళుతున్నాడని చెప్పాను. లలిత మధ్యలో ఫోన్ తీసుకుని, "మీరు బాధపడట్లేదుగా అన్నయ్యగారూ?" అంది. "పడుతున్నానమ్మా, అయినా వాణ్ణి వెళ్ళనివ్వండి" అన్నాను.

ఫోరంలో

మాట తప్పినవాడు, పిరికివాడు, లోపల అంతా కొవ్వే, మా దగ్గర ఆడే దమ్ము లేక పారిపోయాడు. ఇంకా రాయకూడనివీ రాశారు. క్రితం నెల వాడి వీడియో వెతికి పెట్టినవాడే ఇప్పుడు అందులో తప్పులు చూపించాడు. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు ఎన్నడూ ఇవ్వని మాటను వాడి మెడకు కట్టారు. కోచ్‌లు అక్కడ ఏమీ రాయకూడదని మా నిబంధన. నాకు చేతులు కట్టేసినట్టుండేది.

రమేష్ ఆఫీసునుంచి వస్తూ సబ్‌వేలో అవన్నీ చదివేవాడట. "దిగే స్టేషన్ దాటిపోతున్న అన్నా. వీళ్ళెవరు? మావోడు వీళ్ళకేం చేసిండు?" అన్నాడు. చదవడం మానేయమన్నాను. మానలేదు.

ఒకరోజు కంచె దగ్గర గ్లెన్ కూడా నిఖిల్‌ను ఏదో అన్నాడు. నేను ఊరుకోలేదు. "మాట ఇచ్చింది వాడు కాదు గ్లెన్, వాళ్ళ నాన్న. పుచ్చుకున్నది నేను. పిల్లాణ్ణి ఎవరూ అడగలేదు" అన్నాను.

గ్లెన్ చేతిలోని పార కింద పెట్టి ఆలోచించాడు. "ఇది నేను అక్కడ రాయవచ్చా?"

"రాయి. నా పేరుతో సహా."

రాశాడు. తిట్లు కొన్ని నిఖిల్ మీదనుంచి నా మీదకు మళ్ళాయి. నాకు కాస్త ఊపిరి ఆడింది. ఆ చివరి సీజన్‌లో మా ఎడమ చివర సరైనవాడు లేక మా క్వార్టర్‌బ్యాక్ చాలాసార్లు నేల కరిచాడు. పడిన ప్రతిసారీ అభిమానులు నా వైపు చూశారు. నేను హాలిఫాక్స్ వైపు చూశాను.

కిందటి నవంబరు

రిటైరయ్యాక హాలిఫాక్స్ మ్యాచ్‌లన్నీ ల్యాప్‌టాప్‌లో చూసేవాణ్ణి. నిఖిల్ మొదట బెంచీ మీద, తర్వాత అప్పుడప్పుడూ, తర్వాత ఎప్పుడూ మైదానంలోనే. మోకాళ్ళు నేను చూసిన రోజులాగే వంగుతున్నాయి. చేతులు కాస్త ఆలస్యంగా లేస్తున్నాయి, అది నేనైతే సరిచేసేవాణ్ణి. ల్యాప్‌టాప్‌తోనే మాట్లాడేవాణ్ణి. సుజాత వచ్చి చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళేది.

కిందటి నవంబరులో ఆ టీము జాతీయ సెమీఫైనల్‌కు మా మైదానానికే వచ్చింది, మా వాళ్ళతో ఆడటానికి. గ్లెన్ నాకూ టిక్కెట్ కొన్నాడు. చలికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆటగాళ్ళ పేర్లు చదువుతున్నప్పుడు "తాటికొండ" అని మైకులో వినిపించింది. చుట్టూ అందరూ గేలి చేశారు. గ్లెన్ చేయలేదు, చప్పట్లూ కొట్టలేదు. నేను ఇన్నేళ్ళు కోరుకున్న పేరు మా మైదానంలో పలికింది, అవతలి జట్టులో పలికింది. నాకు ఏడుపొచ్చింది, చలి మీదకు నెట్టేశాను.

మొదటి పావు ఆట అయ్యేసరికి ఫోన్ మోగింది. లలిత.

"అన్నయ్యగారూ, వచ్చారా? మేము ఎదురు వైపు ఉన్నాం. ఈయనకి అరవడం తప్ప ఏం తెలీట్లేదు. మీరొచ్చి కూర్చోండి మా దగ్గర."

గ్లెన్ వైపు చూశాను. "వెళ్ళు" అన్నాడు, నా మీద ఉన్న మా టీము కండువా తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. మైదానం చుట్టూ తిరిగి అవతలి వైపు మెట్లెక్కాను. అటు వైపు ఎక్కడం అదే మొదటిసారి.

కంచె పక్క మొదటి బెంచీలోంచి రమేష్ లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. లలిత పక్కకు జరిగి దుప్పటి సగం నా మోకాళ్ళ మీద కప్పింది.

"ఇప్పుడు వాడు బాగా ఆడుతున్నాడా లేదా, ఎలా తెలుస్తుందండీ?" అంది.

"వాడి వెనక బంతి పట్టుకున్న పిల్లాడు కింద పడలేదంటే బాగా ఆడినట్టే అమ్మా."

మళ్ళీ వరస కుదిరింది. నిఖిల్ వంగాడు. బంతి కదలగానే చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరిగాడు. మా టీము కుర్రాడు, నేనే ఒకప్పుడు నా వరస కోసం ఇంటికెళ్ళి తెస్తే డగ్ తర్వాత కూలదోసే వరసకు మార్చినవాడు, నిఖిల్ భుజం కింద దూరబోయాడు. నిఖిల్ ఇంకా కిందికి దిగాడు. ఈసారి చేతులు సమయానికి లేచాయి. ఇద్దరూ అక్కడే తోసుకుంటూ, తోసుకుంటూ నిలిచిపోయారు, చివరికి మా కుర్రాడే వెల్లకిలా పడ్డాడు. లలిత నా చేయి గట్టిగా పట్టుకుంది. ఒక్కసారిగా స్టేడియం మొత్తం లేచి నిలబడింది. కొందరు అరుస్తున్నారు, కొందరు నెత్తి పట్టుకున్నారు. రమేష్ కూడా లేచి దూరంగా ఎటో చూస్తూ కేకలు వేస్తున్నాడు. కూర్చుని ఉన్నది మేమిద్దరమే. మైదానంలో, ఆట మొదలైన చోటే, నిఖిల్ వంగి కిందపడ్డ మా కుర్రాడికి చేయి అందిస్తున్నాడు.

"ఏమైందండీ, అందరూ లేచారు?" అంది లలిత.

"నాకూ తెలియదమ్మా. నేనూ వాణ్ణే చూస్తున్నాను."